కాండంలో పురుగులు, వాటి కందిరీగలు

కిక్కస, రెల్లు, వరి, జొన్న, చెరకు వంటి గడ్డిజాతి మొక్కల కాండాల్లో ఎన్నో రకాల పురుగులు దాగి బతుకుతాయి. ఆ పురుగుల మీదో, వాటి గుడ్లలోనో తమ గుడ్లు పెట్టి, వాటినే ఆహారంగా చేసుకుని ఎదిగే చిన్న కందిరీగలు వందల సంఖ్యలో ఉన్నాయి. కీటక శాస్త్రవేత్తలు వీటిని పరాన్నజీవి కందిరీగలంటారు. వ్యవసాయ శాఖ కరపత్రాల్లో బదనికలన్న మాట కనిపిస్తుంది. ఇంటి చూరుకు గూడు కట్టి, కదిలిస్తే కుట్టే కందిరీగలతో వీటికి చుట్టరికమే తప్ప పోలిక తక్కువ. చాలావాటి పొడవు మూడు మిల్లీమీటర్లు దాటదు. మనుషుల జోలికి రావు. తల్లి కందిరీగ తేనె బొట్టుతోనో పుప్పొడితోనో సరిపెట్టుకుంటుంది. మాంసం తినేది దాని పిల్లే. ఆ పిల్ల తనకు ఆశ్రయమిచ్చిన పురుగును చివరికి చంపి తీరుతుంది. పేను, జలగ వంటి మామూలు పరాన్నజీవులకూ వీటికీ ఉన్న అసలు తేడా అదే.

ఈ కందిరీగలను తెలుసుకునే దారుల్లో అన్నిటికన్నా నమ్మకమైనది పెంచి చూడడం. కాండాన్ని కోసి తెచ్చి, లోపలి పురుగును వేరుచేసి, సీసాలో ఉంచి, అందులోంచి ఏం బయటికి వస్తుందో కనిపెట్టడమన్న మాట. వలతో పట్టిన కందిరీగకు మహా అయితే ఒక పేరు దొరుకుతుంది. పెంచి రప్పించిన కందిరీగ విషయంలో అది ఏ పురుగును తిన్నదో, ఆ పురుగు ఏ మొక్కలో ఉన్నదో, ఏ నెలలో బయటపడిందో అన్నీ తెలుస్తాయి. పంటకు పనికొచ్చే జ్ఞానం ఈ రెండోది. హైదరాబాద్‌కు ఈ విషయంలో ప్రత్యేక స్థానం ఉంది. నగర శివారులోని జీడిమెట్ల చుట్టూ ఒక వలయం గీస్తే రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ, చిరుధాన్యాల పరిశోధన సంస్థ, జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అన్నీ అందులోకి వస్తాయి. గడ్డిజాతి కాండాల్లోని పురుగుల మీద, వాటి శత్రువుల మీద ఇంత పని ఒకే నగరం పొలిమేరల్లో జరగడం అరుదు.

జీడిమెట్లను చాలామంది పారిశ్రామిక వాడగానే ఎరుగుదురు. దాని పక్కనే కొంపల్లి వైపు పెద్ద చెరువొకటి ఉంది. కొల్ల చెరువన్నా, ఫాక్స్ సాగర్ అన్నా అదే. 2020 అక్టోబరు వానలకు ఆ చెరువు పొంగి దిగువనున్న కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉండడంతో దాని పేరు పత్రికల్లో మారుమోగింది. హైదరాబాద్ చెరువుల అంచుల వెంట జమ్ము, తుంగ, రెల్లు, అక్కడక్కడా కిక్కస పెరుగుతాయి. ఈ చెరువుల కింద ఒకప్పుడు వరి పండేది. కాలనీలు వచ్చి పొలాలు పోయినా అంచున గడ్డి మిగిలింది. కాండం తొలిచే పురుగుకు వరికీ గడ్డికీ మధ్య మనం గీసుకున్న గీత పట్టదు. గులాబీ రంగు కాండం తొలిచే పురుగు వరిని, చెరకును, రాగిని, గోధుమను తింటూనే గట్టు మీది గడ్డిలోనూ బతుకుతుంది. దాని వెంట దాని కందిరీగలూ గట్టెక్కుతాయి.

కిక్కసలో ఏముంటుంది

కిక్కస ప్రపంచమంతటా ఉన్న మొక్క. శాస్త్రీయ నామం ఫ్రాగ్మిటిస్. మన దేశంలో ఫ్రాగ్మిటిస్ కర్కా అనే పొడవాటి జాతి ఎక్కువ. తెలుగు నేల మీద కిక్కసంటే ముందు గుర్తొచ్చేది కొల్లేరు. అక్కడ సరస్సును కప్పేసే కలుపుగా దాన్ని తిట్టుకుంటారు. అదే కిక్కస పక్షులకు గూళ్లకు చోటిస్తుంది. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. ఈ మొక్క కాండం లోపల బోలుగా ఉంటుంది, కణుపు దగ్గర అడ్డుగోడ ఉంటుంది, పైన ఆకు తొడిమ చుట్టుకుని ఉంటుంది. పురుగుకు ఇది మంచి కోట. ఎండ తగలదు, వాన తగలదు, పిట్ట ముక్కు అందదు. కాబట్టే అలాంటి కోటలోకి చొరబడే నేర్పు సంపాదించిన కందిరీగలు ఒక్కొక్కటీ ఒక్కో ఉపాయంతో కనిపిస్తాయి.

కిక్కసలోని పురుగులను, వాటి కందిరీగలను అన్నిటికన్నా లోతుగా చదివింది యూరప్‌లో. అక్కడ లిపారా ల్యూసెన్స్ అనే ఈగ పిల్ల కిక్కస కొస మొవ్వులో చేరితే ఆ కొమ్మ ఎదగడం మానేసి, కొసన చుట్టలాంటి ఉబ్బు తయారవుతుంది. ఒక్కో ఉబ్బులో ఒక్కటే పిల్ల. శీతాకాలంలో ఆ ఉబ్బులను కోసి తెచ్చి గదిలో పెడితే కొన్నిటిలోంచి ఈగలు వస్తాయి. కొన్నిటిలోంచి పోలెమోకార్టస్ లిపారే, స్టెనోమాలినా లిపారే అనే కందిరీగలు వస్తాయి. ఈ రెండు కందిరీగల జాతి పేర్లలో ఆతిథ్యమిచ్చిన ఈగ పేరే ఉంది, అంటే పేరు పెట్టినవాళ్లు వాటిని ఆ ఈగ నుంచి రప్పించి చూసిన తర్వాతే పెట్టారు.

గిరాడియెల్లా ఇంక్లూసా అనే మరో చిన్న ఈగ కిక్కస కాండం గోడ లోపలి వైపు బియ్యపు గింజల్లాంటి ఉబ్బులు పుట్టిస్తుంది. కాండాన్ని నిలువునా చీలిస్తే ఆ గింజలు వరుసగా, గుత్తులుగా కనిపిస్తాయి. వీటిలోంచి ప్లాటిగాస్టర్, టోరిమస్, అప్రోస్టోసెటస్ ప్రజాతుల కందిరీగలు అనేకం వస్తాయి. జర్మనీకి చెందిన శాస్త్రవేత్త తేయా చార్న్‌ట్కే ఈ గింజల మీద ఏళ్ల తరబడి పనిచేసి, 1992లో ఒక చక్కని సంగతి ప్రచురించారు. శీతాకాలంలో బ్లూ టిట్ అనే చిన్న పిట్టలు కాండాన్ని పొడిచి ఆ గింజలను తింటాయి. గింజలు ఎక్కడ గుత్తులుగా ఉంటే అక్కడ పొడుస్తాయి. దాంతో ఈగ పిల్లల లెక్కే కాదు, కందిరీగల లెక్కా తారుమారవుతుంది. మొక్క, ఈగ, కందిరీగ, పిట్ట అనే నాలుగు అంతస్తులూ ఒకే కాండంలో ఇమిడి ఉన్నాయన్న మాట. నా దృష్టిలో కాండం కోసి చూసే శాస్త్రానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

ఈగ వదిలేసి పోయిన పాత ఉబ్బులు కూడా ఖాళీగా ఉండవు. వాటిలో హైలియస్ పెక్టొరాలిస్ అనే తేనెటీగ, పెంఫ్రెడాన్ ఫాబ్రిసీ అనే వేట కందిరీగ గూళ్లు పెట్టుకుంటాయి. ఆ తేనెటీగ గూట్లో గాస్టెరప్షన్ ఫ్రాగ్మిటికోలా అనే మరో కందిరీగ దూరుతుంది. 2006లో దీనికి పేరు పెట్టినప్పుడు కిక్కస నివాసి అని అర్థం వచ్చేలా పెట్టారు.

పెంచి చూసే పద్ధతి

పద్ధతి చెప్పడానికి సులువు, చేయడానికి ఓపిక కావాలి. కాండాన్ని మొదలంటా కోయాలి. ఆకు తొడిమ విప్పి, కన్నాలు ఎక్కడున్నాయో, పొట్టు ఎక్కడ రాలుతోందో చూడాలి. తర్వాత పదునైన కత్తితో నిలువునా చీల్చి లోపలి పురుగును దాని సొరంగంతో సహా గుర్తించాలి. ఒక్కో పురుగును ఒక్కో గాజు గొట్టంలో, తడి కాగితం ముక్కతో, దూది బిరడాతో ఉంచాలి. ఒకటి మించి పెట్టకూడదు. ఎందుకంటే ఒకే కాండంలో రెండు మూడు రకాల పురుగులు కాపురముంటాయి. మొత్తం కాండాన్ని ఒక డబ్బాలో పడేసి, బయటికొచ్చిన కందిరీగను ఆ కాండంలో ఎక్కువగా కనిపించిన పురుగుకు అంటగడితే తప్పుడు లెక్క పుస్తకాల్లోకి ఎక్కుతుంది. అలా ఎక్కిన తప్పులు ఒక పుస్తకం నుంచి మరో పుస్తకానికి పాకుతూ దశాబ్దాలు బతుకుతాయి.

ఇంకో చిక్కు ఉంది. బయటికొచ్చిన ప్రతి కందిరీగా పురుగును చంపినదే కానక్కర్లేదు. పురుగును తిన్న కందిరీగను తినే కందిరీగలూ ఉన్నాయి. రైతు కళ్లకు రెండూ ఒకేలా ఉంటాయి, పంటకు మాత్రం మొదటిది మేలు చేస్తే రెండోది ఆ మేలుకు అడ్డుపడుతుంది. అందుకే కందిరీగ బయటపడ్డాక గొట్టంలో మిగిలిన చర్మం, పట్టుగూడు, తల పెంకు ముక్క ఏదీ పారేయకుండా కందిరీగతోపాటే భద్రపరచాలి. కందిరీగను ఆల్కహాల్‌లో ఉంచి, చీటీ మీద ఊరు, తేదీ, మొక్క, పురుగు, పురుగు ఏ దశలో దొరికిందన్నది పెన్సిల్‌తో రాయాలి. సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.

వరిలో మొగిపురుగు, ఉల్లికోడు

తెలుగు రైతుకు కాండం పురుగంటే మొదట మొగిపురుగు. పసుపు రంగు కాండం తొలిచే పురుగు, శాస్త్రీయంగా స్కిర్పోఫాగా ఇన్సర్టులాస్. పిలక దశలో సోకితే మొవ్వు ఎండి, లాగితే చేతికొచ్చేస్తుంది. పొట్ట దశలో సోకితే తెల్ల కంకి వస్తుంది, అందులో గింజ ఉండదు. దీని తల్లి రెక్కల పురుగు ఆకు కొసల దగ్గర గుడ్లను కుప్పగా పెట్టి, తన పొట్ట చివరి గోధుమ రంగు నూగుతో కప్పేస్తుంది. ఆ నూగు దుప్పటి శత్రువుల నుంచి కాపాడుకోవడానికే. అయినా మూడు కందిరీగలు మూడు దారుల్లో దాన్ని దాటుతాయి.

ట్రైకోగ్రామా జపోనికం అరమిల్లీమీటరు పొడవుండే పిసరంత జీవి. నూగు పలచగా ఉన్నచోట, అంచుల్లోని గుడ్లకు అది చేరగలదు, కుప్ప అడుగున ఉన్నవి దానికి అందవు. టెట్రాస్టికస్ స్కోనోబీ కాస్త పెద్దది. దాని గుడ్లు పెట్టే సూది పొడవు, నూగు లోంచి లోపలికి దించగలదు. పైగా దాని పిల్ల ఒక్క గుడ్డుతో ఆగదు, పక్కనున్న రెండో మూడో గుడ్లనూ ఖాళీ చేస్తుంది. టెలినోమస్ ఎంచుకున్న దారి వేరు. అది తల్లి రెక్కల పురుగు పొట్ట చివరి నూగును పట్టుకుని దాంతోపాటే ఎగిరి వెళ్తుంది. తల్లి గుడ్డు పెట్టి దాని మీద నూగు కప్పేలోపు ఆ తాజా గుడ్డులో తన గుడ్డు పెట్టేస్తుంది. ఒక వరి ఆకు మీద, గోటి కన్నా చిన్న కుప్పలో ఈ మూడూ కలిసి పనిచేస్తాయి. ఒకదానికి అందనిది మరొకదానికి అందుతుంది.

ఉల్లికోడు కథ వేరు. ఇది దోమలాంటి ఎర్రటి చిన్న ఈగ, ఒర్సియోలియా ఒరైజే. దీని పిల్ల పిలక మొదట్లోని ఎదిగే మొవ్వును చేరితే, ఆ పిలక ఉల్లి కాడలా గొట్టమై తెల్లగా మెరుస్తుంది. ఆ పిలకకు ఇక కంకి రాదు. తెలంగాణలో వరంగల్, కరీంనగర్, జగిత్యాల ప్రాంతాలు, ఆంధ్రలో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలు దీనికి పెట్టింది పేరు. ఈ ఈగలో రకరకాల జీవరూపాలు ఉన్నాయని రాజేంద్రనగర్ సంస్థ సమన్వయంతో జరిగిన పరీక్షల్లో తేలింది. హైదరాబాద్‌ది ఒక రూపం, జగిత్యాలది ఒకటి, శ్రీకాకుళానిది ఒకటి, వరంగల్‌ది మరొకటి. ఒకచోట తట్టుకున్న వంగడం ఇంకోచోట లొంగిపోతుంది. ఫల్గుణ అనే వంగడం కొన్నేళ్లు బాగా నిలబడి, 1980లలో కోస్తా ఉత్తర భాగంలో కొత్త రూపం ముందు చేతులెత్తేసింది.

వంగడం లొంగినా లొంగని శత్రువు ఉల్లికోడుకు ఒకటుంది. దాని పేరు ప్లాటిగాస్టర్ ఒరైజే. ఈ నల్లని చిన్న కందిరీగ ఈగ గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. ఈగ పిల్ల పుడుతుంది, పిలకలోకి పాకుతుంది, గొట్టాన్ని పుట్టిస్తుంది. ఈలోగా దాని ఒంట్లోని కందిరీగ పిండం ఒకటి రెండై, రెండు నాలుగై పెరిగి పదులుగా విడిపోతుంది. చివరికి గొట్టం కోసి చూస్తే ఈగ పిల్ల చర్మం సంచిలా మిగిలి, లోపల కందిరీగ పిల్లలు కిక్కిరిసి ఉంటాయి. కిక్కసలో బియ్యపు గింజల ఉబ్బులు పుట్టించే యూరప్ ఈగను వెంటాడేదీ ప్లాటిగాస్టర్ ప్రజాతే. ఖండాలు వేరైనా, మొక్కలు వేరైనా, ఈగ కుటుంబం ఒకటే కాబట్టి దాని శత్రువుల కుటుంబమూ ఒకటే అయింది.

ఇక్కడొక నిజం ఒప్పుకోవాలి. ప్లాటిగాస్టర్ ఎంత పనిచేసినా, తాను చేరిన ఈగ పిల్ల గొట్టం పుట్టించాకే చస్తుంది. ఈ పంటలో పోయిన పిలక పోయినట్టే. పైగా వానాకాలం పంట చివరికొచ్చేసరికి గానీ దీని సంఖ్య బాగా పెరగదు. దీని మేలు తర్వాతి తరం ఈగల లెక్కలో కనిపిస్తుంది. అందుకే పంట మొదట్లోనే దీనికి కొంత నిల్వ ఉండాలి. ఆ నిల్వ గడ్డిలో ఉండొచ్చునా అన్న ప్రశ్నను పశ్చిమ ఆఫ్రికాలో బాగా పరిశీలించారు. అక్కడ ఆఫ్రికా ఉల్లికోడుకు దగ్గర బంధువైన ఈగ పాస్పాలం గడ్డిలో పెరుగుతుంది. దానికి పంటకు హాని చేసే అలవాటు లేదు, కానీ దాన్ని తినే కందిరీగల్లో కొన్ని వరిలోని ఉల్లికోడునూ తింటాయి. పొలం పక్క గడ్డిని కలుపుగా మాత్రమే చూడకూడదని చెప్పడానికి ఇంతకన్నా బలమైన కారణం నాకు తెలియదు.

కాండంలో గుడ్లు దాచుకునే మరో పురుగు సుడిదోమ. ఇది వరి ఆకు తొడిమ కణజాలంలోకి గుడ్లు గుచ్చుతుంది, బయటికి చిన్న గోధుమ రంగు గీత మాత్రమే కనిపిస్తుంది. ఆ గీతను వెతికి పట్టి, లోపలి గుడ్డులో తన గుడ్డు పెట్టేది అనాగ్రస్. దాని రెక్కలు సన్నని పుల్లల్లా ఉండి, అంచులంతా కేశాలే. సుడిదోమ మీద మందు కొట్టినప్పుడు మొదట పోయేవి ఇలాంటివే. దోమకు అవి పోవడమే వరమవుతుంది, దోమపోటు మళ్లీ విజృంభిస్తుంది.

జొన్న సొరంగంలో కొటీసియా

జొన్న, మొక్కజొన్న కాండం తొలిచే కైలో పార్టెల్లస్ గొంగళి పురుగు కాండంలో సొరంగం తవ్వుకుని, విసర్జనతో, నమిలిన పొట్టుతో ద్వారం దగ్గర గుర్తు మిగుల్చుతుంది. దాన్ని పట్టే కందిరీగ కొటీసియా ఫ్లావిపెస్. బ్రిటన్‌కు చెందిన పీటర్ కామెరాన్ 1891లో దీనికి పేరు పెట్టాడు. ఇది బయటి నుంచి సూది దించదు. గొంగళి పురుగు కొరికిన మొక్క వాసనను, ద్వారం దగ్గరి పొట్టు వాసనను పట్టుకుని సొరంగంలోకే నడుచుకుంటూ వెళ్తుంది. లోపల గొంగళి పురుగు దానికి ఎన్నో రెట్లు పెద్దది, పైగా ఇరుకు. పురుగు తల తిప్పి కొరికితే కందిరీగ పని అయిపోతుంది, అలా చచ్చేవి తక్కువేం కాదు. చావకపోతే కొన్ని సెకన్లలో నలభై దాకా గుడ్లు పురుగు ఒంట్లోకి దించేస్తుంది. ఎలాగూ దాని ఆయుష్షు రెండు మూడు రోజులే కాబట్టి ఒక్క సొరంగంలో ప్రాణం పణంగా పెట్టడం దానికి నష్టం కాదు.

గుడ్లతోపాటు అది ఒక వైరస్‌నూ పురుగు ఒంట్లోకి వదులుతుంది. ఆ వైరస్ కందిరీగ సొంత జన్యువుల్లో భాగమైపోయింది, తల్లి నుంచి పిల్లకు వారసత్వంగా వస్తుంది. పురుగు రోగనిరోధక శక్తిని అది అణచేస్తుంది. పురుగు తింటూ, పెరుగుతూనే ఉంటుంది. సుమారు రెండు వారాలకు కందిరీగ పిల్లలు చర్మం చీల్చుకుని బయటికొచ్చి, పక్కనే తెల్లటి పట్టుగూళ్లు అల్లుకుంటాయి. సొరంగం చీల్చి చూసినప్పుడు, వడలిపోయిన గొంగళి పురుగు పక్కన దూది పింజల్లా ఒకదానికొకటి అతుక్కున్న ఆ గూళ్లు కనిపిస్తే ఇంక అనుమానం అక్కర్లేదు.

కాండంలోకి నడిచి వెళ్లేది కొటీసియా అయితే, బయటే నిలబడి పని కానిచ్చేవీ ఉన్నాయి. స్టెనోబ్రాకాన్‌కు ఒంటి కన్నా పొడవైన సూది ఉంది. కాండం గోడలోంచి దాన్ని దించి, లోపలి పురుగును కదలకుండా చేసి, పక్కన గుడ్డు పెడుతుంది. పసుపు ఒంటి మీద నల్ల చుక్కలుండే జాంథోపింప్లా స్టెమ్మాటర్ ప్యూపాను ఎంచుకుంటుంది. ప్యూపా కొరకదు కదా. జొన్నలో మొవ్వు చంపే ఈగకు కూడా వేరే కందిరీగలు ఉన్నాయి. దాని గుడ్డులో ట్రైకోగ్రామటోయిడియా, పిల్ల మీద నియోట్రైకోపొరాయిడిస్ పెరుగుతాయి. 1972లో మొదలైన ఇక్రిశాట్ పటాన్‌చెరు పొలాల్లో జొన్న పురుగులపై చేసిన విస్తారమైన పనిలో ఈ కందిరీగల జీవితచక్రాలూ భాగమే.

కొటీసియా ప్రయాణం మన ఉపఖండం దాటి చాలా దూరం సాగింది. మన కైలో పార్టెల్లస్ 1930ల నాటికి తూర్పు ఆఫ్రికా చేరి మొక్కజొన్నకు పెద్ద శత్రువైంది. నైరోబీలోని ఇసిపే సంస్థ పాకిస్తాన్ నుంచి కొటీసియాను తెచ్చి 1993లో కెన్యా తీరంలో వదిలింది. అది అక్కడ నిలదొక్కుకుంది. బ్రెజిల్ చెరకు తోటల్లో ఇంకో జాతి కాండం పురుగు మీద ఇదే కందిరీగను 1970ల నుంచి ఫ్యాక్టరీల్లో పెంచి విస్తారంగా వదులుతున్నారు. అదే ఇసిపే పరిశోధకులు 1997లో మరో సంగతి చూపించారు. మొక్కజొన్న వరసల మధ్య మెలినిస్ గడ్డి నాటితే, పురుగు పట్టకుండానే ఆ గడ్డి వెదజల్లే వాసనకు అక్కడి స్థానిక కొటీసియాలు ఎక్కువగా వస్తాయి. పురుగు తిన్న మొక్క సాయం కోసం వదిలే వాసననే ఆ గడ్డి ఎప్పుడూ వదులుతూ ఉంటుంది.

ట్రైకో కార్డు

చెరకులో పీకపురుగు, కణుపు తొలిచే పురుగు రెండూ కైలో ప్రజాతివే. 1913లో ఏర్పడిన అనకాపల్లి పరిశోధన స్థానం ఉత్తరాంధ్ర చెరకుకు పెద్ద దిక్కు. ఈ పురుగుల గుడ్ల మీద ట్రైకోగ్రామా కైలోనిస్‌ను పెంచి వదిలే పద్ధతి అక్కడి రైతులకు, చక్కెర ఫ్యాక్టరీల క్షేత్ర సిబ్బందికి పరిచయమే. దుకాణంలో, పరిశోధన కేంద్రంలో దొరికే ట్రైకో కార్డు చూడడానికి మామూలు అట్ట ముక్క. దాని మీద బియ్యపు రెక్కల పురుగు గుడ్లు జిగురుతో అతికి ఉంటాయి. నూక జొన్న, సజ్జ వంటివి వేసిన పెట్టెల్లో ఆ రెక్కల పురుగును పెంచి, గుడ్లు జల్లెడ పట్టి, పొదగకుండా అతినీలలోహిత దీపం కింద ముప్పావు గంట ఉంచి, అట్టకు అతికించి, ట్రైకోగ్రామా తల్లులతో ఒక సంచిలో పెడతారు. మూడు నాలుగు రోజుల్లో గుడ్లు నల్లబడితే కందిరీగ చేరినట్టు. ఒక సీసీ గుడ్లంటే 16,000 నుంచి 20,000 దాకా ఉంటాయి. నల్లబడిన కార్డును ముక్కలు కోసి, సాయంత్రం పూట ఆకు అడుగున గుచ్చితే రెండు మూడు రోజుల్లో కందిరీగలు బయటపడతాయి. ఎండలో పెడితే మాడిపోతాయి, చీమలు పడితే మిగలవు, మందు కొట్టిన పొలంలో పెడితే శుద్ధ దండగ. ఈ పెంపకాన్ని నేర్పే శిక్షణలకు రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ దేశంలో ముఖ్యమైన చోటు. 1966లో సస్యరక్షణ శిక్షణ సంస్థగా మొదలై, 2008లో ఇప్పటి రూపం తీసుకుంది.

అయితే కార్డులు అన్నిటికీ జవాబు కావు. పొలంలో ముందే ఉన్న టెట్రాస్టికస్, టెలినోమస్‌లను కాపాడుకోకుండా బయటి నుంచి ట్రైకోగ్రామా తెచ్చి వదిలితే, ఇంట్లో ఉన్నవాళ్లను వెళ్లగొట్టి కూలీలను పిలిచినట్టే. ఈ సంగతి రైతుకు మాటలతో చెబితే చెవికెక్కదు. రైతు పొలంబడుల్లో దీన్ని కళ్లతో చూపించే పద్ధతి పెట్టారు. మొగిపురుగు గుడ్ల కుప్పలను ఆకుతో సహా కోసి సీసాల్లో పెట్టి, మూతికి పల్చని గుడ్డ కట్టి ఉంచుతారు. వారం తిరిగేసరికి కొన్ని సీసాల్లో గొంగళి పురుగు పిల్లలు దారాలకు వేలాడతాయి, కొన్నిట్లో నల్లని చుక్కల్లా కందిరీగలు గుడ్డకు అంటుకుంటాయి. తన పొలంలో గుడ్లు కనిపించగానే గుళికలు చల్లే రైతు, ఆ గుడ్లలో ఎన్ని అప్పటికే చచ్చినవో సీసాలో లెక్కపెట్టుకున్నాక చేతిలోని సంచిని పక్కన పెడతాడు. 1989లో ఇండోనేసియాలో వరి రైతులతో మొదలైన పొలంబడి ఉద్యమం ఆసియా అంతటా పాకడానికి ఇలాంటి చిన్న ప్రయోగాలే బలం. శాస్త్రవేత్త ప్రయోగశాలలో చేసేదీ, రైతు పశువుల పాక వాకిట్లో చేసేదీ ఇక్కడ ఒకే పని.

పేర్లు పెట్టినవాళ్లు

ఈ కందిరీగలకు మన దేశంలో పేర్లు పెట్టిన తొలి పని బ్రిటిష్ మ్యూజియాల్లో, కలకత్తాలో జరిగింది. ఉల్లికోడు ఈగకు 1889లో వుడ్-మేసన్ పేరు పెట్టాడు. దాన్ని చంపే ప్లాటిగాస్టర్‌కు పేరు పెట్టింది కామెరానే. మద్రాసు ప్రెసిడెన్సీలో కీటక శాస్త్రవేత్త ఫ్లెచర్ రాసిన దక్షిణ భారత కీటకాల పుస్తకం 1914లో వచ్చింది. ఆ తర్వాత టి.వి. రామకృష్ణ అయ్యర్ పంట పురుగుల నుంచి పెంచి రప్పించిన కందిరీగల జాబితాలు ప్రచురించాడు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో కోస్తా, రాయలసీమ జిల్లాలూ ఉన్నాయి కాబట్టి మన పొలాల కందిరీగలు ఆ జాబితాల్లో భాగమే. స్వాతంత్ర్యం తర్వాత చాల్సిడ్ కందిరీగల మీద కాలికట్ విశ్వవిద్యాలయంలో టి.సి. నరేంద్రన్ చేసిన పని పెద్దది. ప్రపంచంలో ఇంకా పేరు పెట్టని కందిరీగలే ఎక్కువ. 2018లో ఆండ్రూ ఫోర్బ్స్ బృందం వేసిన అంచనా ప్రకారం పరాన్నజీవి కందిరీగల జాతుల సంఖ్య, జంతువుల్లో అన్నిటికన్నా ఎక్కువ జాతులున్నవని పేరుపడ్డ పెంకు పురుగులనూ మించవచ్చు. వాళ్లు ఆ అంచనాకు వాడిన ఆధారం కూడా పెంచి చూసిన లెక్కలే. ఒక్కో పురుగు జాతికి ఎన్ని కందిరీగ జాతులు ప్రత్యేకంగా అంటిపెట్టుకుని ఉన్నాయో లెక్కగట్టి విస్తరించారు.

పెంచి చూసిన జ్ఞానం అక్కరకొచ్చిన సందర్భం మనకు 2018లో ఎదురైంది. ఆ ఏడాది మే నెలలో కర్ణాటక మొక్కజొన్నలో కత్తెర పురుగు కనిపించింది, నెలల్లోనే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పొలాలకు పాకింది. అమెరికా ఖండాల నుంచి వచ్చిన ఈ పురుగు మొక్కజొన్న సుడిలో దాగి తింటుంది. కొత్త పురుగు వస్తే మందుల షాపు ముందు వరస కడతారు, అది సహజం. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ చేసిన మొదటి పనుల్లో ఒకటి, పొలాల్లోంచి దాని గుడ్లను, పిల్లలను తెచ్చి పెంచి చూడడం. ఆ ఏడాదే టెలినోమస్, ట్రైకోగ్రామా, గ్లిప్టాపాంటెలిస్ క్రియాటొనోటి, కాంపొలెటిస్ క్లోరిడే కందిరీగలు దాని మీద బయటపడ్డాయి. మన శనగ పచ్చపురుగును తినే కాంపొలెటిస్ కొత్త అతిథికీ అలవాటు పడింది.

కిక్కస విషయంలో ఇప్పుడు కథ తిరగబడింది. యూరప్ కిక్కస ఉత్తర అమెరికా చిత్తడి నేలలను ఆక్రమించి, అక్కడి సొంత మొక్కలను తరిమేస్తోంది. లిపారా ఈగలు కూడా దాని వెంట సముద్రం దాటాయి. కిక్కసను అదుపు చేయడానికి కాండం తొలిచే రెండు రెక్కల పురుగులను, ఆర్కనారా న్యూరికా, ఆర్కనారా జెమినిపంక్టాలను, స్విట్జర్లాండ్‌లో ఏళ్ల తరబడి పరీక్షించి, 2019లో కెనడా విడుదలకు అనుమతించింది. అలాంటి పురుగులను ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పంపేముందు క్వారంటైన్ గదిలో పెంచుతారు. వరి పొలంలో మనం కావాలని కోరుకునే కందిరీగ, ఆ గదిలో ఒక్కటి కూడా మిగలకూడదు. కిక్కసను తినాల్సిన పురుగును కందిరీగే తినేస్తే పంపినదంతా వృథా. అందుకే ఆ గదుల్లో ప్రతి ప్యూపాను విడిగా గొట్టంలో ఉంచి, బయటికొచ్చినది రెక్కల పురుగని కళ్లతో చూసుకున్నాకే తర్వాతి తరానికి వాడతారు.